మాజీ ఎమ్మెల్యే గురించి రాస్తున్న తమ్ముడికి

అనంతపురం

తమ్ముడూ,

నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది. లెక్కలే కుదరలేదు. మూడో పేజీలో మీ నాయకుడి పెదనాన్న 1957లో ఎమ్మెల్యేగా గెలిచాడన్నావు. ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికలు జరిగింది తెలంగాణలోనే. మన దిక్కు 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. 1957లో మనవాళ్లు ఓటేసింది పార్లమెంటుకు. ఐదో పేజీలో మీ నాయకుడు 1975లో మండలాధ్యక్షుడట! అప్పటికి మండలాలెక్కడివి, ఉన్నవి పంచాయతీ సమితులు. మండల పరిషత్తులకు ఎన్నికలొచ్చింది 1987లో. నీకు చెప్పినవాళ్లు అబద్ధమాడారని కాదు. మనిషికి పాత సంగతి గుర్తుంటుంది గానీ దానికి నేటి పేరు తగిలించి చెబుతాడు. ఆ పేరు ఊడదీసి చూడటమే నీ పనిలో సగం.

అందుకని ముందు ఒక పెద్ద కాగితం పరిచి నిలువు గీతలు గియ్యి. ఏడు, పదవి, నియోజకవర్గం, పార్టీ, గుర్తు, ప్రత్యర్థి. ఓడిన ఏళ్లకు, టికెట్ రాని ఏళ్లకు కూడా వరుస ఉంచు. ఆ గడులు నిండకుండా అధ్యాయం మొదలుపెట్టొద్దు.

నియోజకవర్గం గడి దగ్గరే చాలామంది జారిపడతారు. 1952లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్లారి జిల్లాలో ఉండేవి, 1953లో మనవైపు వచ్చాయి. 2009 ఎన్నికల నుంచి అమలైన నియోజకవర్గాల పునర్విభజనలో గోరంట్ల, నల్లమాడ, గుత్తి, కోయిలకుంట్ల, లక్కిరెడ్డిపల్లి పోయాయి. రాప్తాడు, పుట్టపర్తి, మంత్రాలయం, బనగానపల్లె వచ్చాయి. మడకశిర ఎస్సీ రిజర్వుడైంది, కళ్యాణదుర్గం జనరల్ అయింది. మడకశిరలో గెలుస్తూ వచ్చిన రఘువీరారెడ్డి ఆ ఏడు కళ్యాణదుర్గం నుంచి ఎందుకు నిలబడ్డారో చెప్పాలంటే ఈ రెండు ముక్కలూ తెలియాలి. తెలియకపోతే 'సొంత సీటు వదిలి పారిపోయాడు' అనే మాట నీ రాతలోకి వచ్చేస్తుంది. జిల్లా పేరూ అంతే. హిందూపురం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఎన్టీఆర్ అక్కడ గెలిచిన 1985, 1989, 1994లలో అది అనంతపురం జిల్లా.

పార్టీ గడిలో ఉత్త 'కాంగ్రెస్' అని రాస్తే 1978 దగ్గర బోర్లా పడతావు. అప్పుడు ఇందిరా కాంగ్రెస్ వేరు, బ్రహ్మానందరెడ్డి వర్గమైన రెడ్డి కాంగ్రెస్ వేరు. పులివెందులలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలిసారి గెలిచింది రెడ్డి కాంగ్రెస్ తరఫున. 1983 ఎన్నికల సంఘం నివేదికలో తెలుగుదేశం వాళ్లు స్వతంత్రులుగా కనిపిస్తారు, అది చూసి కంగారుపడకు. పార్టీ మారిన సందర్భం వస్తే అది 1985కు ముందా తర్వాతా అన్నది చూడు. పార్టీ మారితే సభ్యత్వం పోయే ఫిరాయింపుల నిరోధక చట్టం ఆ ఏడు వచ్చాక సభ్యత్వానికి రాజీనామా చేసి మారాడా, చేయకుండా మారాడా అన్నది పెద్ద తేడా.

మెజారిటీ అంకె ఒక్కటే రాస్తే చాలదు. పోలైన ఓట్లు, మూడో అభ్యర్థికి వచ్చినవి కూడా పక్కన ఉండాలి. మెజారిటీ 900 అయితే 451 మంది అటునుంచి ఇటు వేసి ఉంటే ఫలితం తిరగబడేది. అలాంటి గెలుపును 'ప్రభంజనం' అంటే ఊళ్లో నవ్వుతారు. 2004 నుంచి అన్నిచోట్లా ఈవీఎంలే కాబట్టి ఫారం 20 అనే తుది ఫలితాల పత్రంలో బూత్ వారీ లెక్క దొరుకుతుంది. దాన్ని ఆ ఏటి పోలింగ్ కేంద్రాల జాబితాతో కలిపి చదువు, బూత్ నంబర్లు మారుతుంటాయి. ఒక ఊళ్లో ఒకరికి ఏడువందలు, ఇంకొకరికి తొమ్మిది పడితే అభిమానం అని రాసెయ్యకు. ఆ రోజు రెండో పార్టీ ఏజెంటు బూత్‌లో కూర్చున్నాడా లేదా అడుగు. మన సీమలో ఈ ప్రశ్న అడగకుండా ఎన్నికల గురించి రాసినవాడు సగమే రాసినట్టు.

ఇక శిలాఫలకాలు. వీటిని నువ్వు ముట్టుకోనేలేదు. స్కూలు గోడకో, వాటర్ ట్యాంకు కాలికో అతికించిన కడప బండ మీద రంగు పోయి అక్షరాలు కనపడవు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక చాక్‌పీసు పొడి అద్ది అరచేత్తో అటూ ఇటూ రుద్దు. గాట్లలో తెలుపు నిలిచి పేర్లు తేలతాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే ఆ పొడి కూడా అక్కర్లేదు. శంకుస్థాపన బండ, ప్రారంభోత్సవం బండ రెండూ వెతుకు. మధ్యలో ఏళ్లు గడిచి ఉంటే, మొదటిదాని మీద ఉన్న పేరు రెండోదాని మీద ఉండకపోవచ్చు. వరుస చూడు. మంత్రి పేరు కింద 'అధ్యక్షత' అని మీ నాయకుడి పేరుంటే ఆ రోజుకు ఆయన ఎమ్మెల్యే అయి ఉండొచ్చు. పేరే లేకపోతే? 'ఆ నీళ్లు నేనే తెచ్చా' అన్న మాట పక్కన పరిపాలనా అనుమతి జీవో తేదీ, టెండరు తేదీ, కాలువలో నీళ్లు పారిన తేదీ పెట్టి చూడు. హంద్రీ-నీవా సాగునీటి పథకానికి ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగాయి కాబట్టి, తెచ్చామనేవాళ్లకూ కొదవలేదు.

కేసుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 'కేసు కొట్టేశారు' అని అందరూ చెబుతారు. హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసిందా, విచారణ జరిగి నిర్దోషిగా తేలాడా, ప్రభుత్వం ఉపసంహరించుకుందా, లోక్ అదాలత్‌లో రాజీ అయిందా? నాలుగూ నాలుగు కథలు. కోర్టు పేరు, తీర్పు తేదీ చేతిలో లేకుండా ఆ వాక్యం రాయొద్దు. నిందితుణ్ని దోషి అనొద్దు, ఎదుటివర్గం వాళ్లనైనా సరే.

'అజాతశత్రువు' అన్న మాట కొట్టెయ్యి. గన్‌మన్‌లు లేకుండా గడప దాటని మనిషికి ఆ బిరుదేంటప్పా!

ఓడిన ఐదేళ్లకు నువ్వు ఒక్క పేరా ఇచ్చావు. ఆ కాలంలో ఆయన వాకిట్లో పొద్దున ఎంతమంది ఉండేవారో, ఎవరు రావడం మానేశారో, తహసీల్దారుకు ఫోన్ చేస్తే ఎత్తేవాడో లేదో పాత డ్రైవర్‌ను, పీఏను విడివిడిగా అడుగు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెడితే ఒకరి మాటకు ఇంకొకరు తల ఊపుతారు.

రెండో అధ్యాయం పంపేటప్పుడు గీతలు గీసిన ఆ కాగితం కూడా జతచెయ్యి. ముందు దాన్నే చదువుతా.

మీ అన్న