17/5 ను పిల్లలు తారుమారు చేయకుండా ఉండాలంటే

మీ అబ్బాయి భాగహారం సరిగ్గానే చేస్తున్నాడనీ, అపక్రమ భిన్నాన్ని (17/5 లాగా లవం, అంటే పై అంకె, హారం కన్నా పెద్దగా ఉన్నదాన్ని) మిశ్రమ భిన్నంగా (పూర్ణసంఖ్య, దాని పక్కన మిగిలిన భిన్నం) రాసేటప్పుడు మాత్రం అంకెలను తారుమారు చేస్తున్నాడనీ, గుర్తుండిపోయే చిట్కా ఏదైనా చెప్పమనీ అడిగారు. చిట్కా వద్దనే నేనంటాను, ఎందుకంటే ఈ తారుమారు చిట్కాల వల్లనే వస్తోంది.

మా అమ్మాయి ఆరో తరగతిలో 17/5 కు 2 3/5 అని రాసింది. భాగఫలం 3, శేషం 2 అని పక్కన స్పష్టంగానే వేసుకుంది; ఏది ముందు రావాలో, ఏది లవం కావాలో మాత్రం గుర్తు రాలేదు. నేను తప్పు దిద్దకుండా, కాగితం మీద సున్నా నుంచి 4 వరకు సంఖ్యారేఖ గీసి, ప్రతి రెండు పూర్ణసంఖ్యల మధ్య దూరాన్ని ఐదు సమభాగాలు చేసి, పెన్సిల్‌తో పదిహేడు అడుగులు వేయమన్నాను. ఐదో అడుగు 1 మీద, పదో అడుగు 2 మీద, పదిహేనో అడుగు 3 మీద పడ్డాయి. పదిహేడో అడుగు దగ్గర ఆగి, కాసేపు చూసి, "మూడు దాటాక రెండు అడుగులే వేశాను నాన్నా" అంది. మరి 2 3/5 ఎక్కడుందో చూపమంటే పెన్సిల్ వెనక్కి జరిగి పదమూడో అడుగు మీద ఆగింది. తన జవాబును తనే కొట్టివేసి 3 2/5 అని రాసుకుంది. మిగిలిన అడుగులు కూడా ఐదోవంతులే కనుక హారం 5 గానే ఎందుకు ఉండాలో నేను విడిగా చెప్పవలసిన అవసరమే రాలేదు. ఇలా ఒక్కసారి నడిచి చూసిన పిల్లలు మళ్ళీ ఆ పొరపాటు చేయరని నా గట్టి నమ్మకం.

అసలు 'అపక్రమ' అన్న పేరే పిల్లలకు అన్యాయం చేస్తోంది. అందులో ఏదో దోషం ఉందనుకుని, 17/5 అని సరిగ్గా వచ్చిన జవాబును కూడా వాళ్ళు భయంతో మార్చేస్తారు; మార్చకపోతే మార్కులు తగ్గించే ఉపాధ్యాయులూ ఉన్నారు. ఎంత పరిమాణమో కంటికి కనబడడానికి మిశ్రమ భిన్నం మేలే, కానీ గుణించవలసి వస్తే 17/5 × 5/4 లో ఐదులు కొట్టివేయగానే 17/4 వస్తుంది, 3 2/5 × 1 1/4 అని రాసుకుంటే మళ్ళీ మొదటికే రావాలి.

రుణ భిన్నాలు వచ్చినప్పుడు కూడా ఆ గీతనే వాడండి. –3 2/5 అంటే –3 కు 2/5 కలపడమని పిల్లలు పొరబడతారు, అలా చేస్తే –13/5 వస్తుంది. సున్నా నుంచి ఎడమవైపు పదిహేడు అడుగులు వేయిస్తే –3 దాటి ఇంకా రెండు అడుగులు ఎడమకే పడతాయి.