లెన్సు తర్వాత కొందురుగాని, ముందు తొట్టి జరపండి

పెరట్లో పక్షుల కోసం నీళ్ల తొట్టి పెట్టారు, పిట్టలూ వస్తున్నాయి, మేడ మీది కిటికీలోంచి 300 ఎంఎం లెన్సుతో ఎంత తీసినా ఫోటోలు బాగా రావడం లేదు, 600 కొనమంటారా అని అడిగారు. వద్దండీ. 600తో తీసినా ఇవే ఫోటోలు కాస్త పెద్దగా వస్తాయి, అంతే. పైనుంచి తీస్తే పిట్ట వీపు, తొట్టి అంచు, నీళ్ల మీద ఆకాశపు తెలుపు తప్ప ఇంకేం పడతాయి? పిట్ట కన్ను ఎంత ఎత్తులో ఉంటే కెమెరా అంత ఎత్తులోనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

తొట్టి మేడ ఎక్కదు కాబట్టి మీరే కిందికి దిగాలి. నేనైతే కింది గది కిటికీ ఎత్తుకు సరిపడా ఇటుకలు పేర్చి, వాటి మీద తొట్టి పెట్టాను. కిటికీ నుంచి సుమారు 3 మీటర్లు ఉంటుంది. వెనక పొదలు ఇంకాస్త అవతల ఉండటంతో ఫోటోలో ఆకులు విడివిడిగా కనబడవు, పచ్చదనం ఒక్కటే పరుచుకుంటుంది. కిటికీ రెక్క తెరిచి, ముదురు రంగు కర్టెన్ వేసి, సందులోంచి లెన్సు మూతి మాత్రం బయటికి పెడతాను. తొట్టి కూడా ముదురు రంగుదే. తెల్లదైతే కెమెరా ఆ తెలుపు చూసి వెలుగు తగ్గించేస్తుంది, నల్ల తల పిట్ట బొగ్గుముక్కలా పడుతుంది.

అసలు కిటుకు తొట్టిలో లేదు, కొమ్మలో ఉంది. చాలా పిట్టలు తిన్నగా వచ్చి నీళ్లలో దిగవు. ముందు పక్కన ఎక్కడో వాలి, అటూ ఇటూ చూసుకుని, పిల్లీ గిల్లీ లేదని నమ్మకం కుదిరాకే దిగుతాయి. ఆ వాలే చోటేదో మనమే ఇవ్వాలి. బొటనవేలు లావు ఎండుకొమ్మ ఒకటి, తొట్టికి జానెడు పైన, కిటికీకి అడ్డంగా కట్టండి. తర్వాత మీరు ఫోకస్ కోసం వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి అక్కడ కూర్చుంటాయి.

ఒక పొద్దున ఒక పిగిలిపిట్ట వచ్చింది. ఎండ తొట్టి వెనక నుంచి ఏటవాలుగా పడుతోంది. కొమ్మ మీద వాలి తోక ఒకసారి ఆడించింది, కింద ఉన్న ఎర్రమచ్చ కనబడింది. అంచు మీదికి దిగి, ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది. ఆ ఎత్తినప్పుడు ముక్కు చివర ఒక చుక్క వేలాడుతుంది చూడండి, ఆ ఫ్రేము కోసమే నేను అక్కడ కూర్చునేది. (పావురం దగ్గర దీనికి ఆశపడకండి. అది ముక్కు ముంచిన చోటే ఉంచి నీళ్లు పీల్చేస్తుంది, తలెత్తదు.) ఇలా కొంతసేపు తాగుతూ, చూస్తూ, ఉన్నట్టుండి నీళ్లలోకి దూకింది. రొమ్ము ఆనించి, తల ముంచి, రెక్కలు టపటపలాడించింది. నిక్కపొడుచుకునే ఆ నల్ల జుట్టు తడిసి ముళ్లు ముళ్లుగా అంటుకుపోయింది. వరసగా తీసుకుంటూ పోయాను. తర్వాత చూస్తే చాలా వాటిలో కన్ను మసకగా, తెల్లగా ఉంది. ఫోకస్ తప్పలేదు. నీళ్లు పడకుండా పిట్ట కంటి మీదికి అడ్డంగా ఒక పల్చటి పొర జారుతుంది, అదీ సంగతి. అందుకే ఒక్కో క్లిక్కు కాకుండా, బటన్ నొక్కి ఉంచినంతసేపూ వరసగా ఫోటోలు పడే బర్స్ట్ పెట్టుకోవాలి.

షట్టర్ వేగం 1/2000 సెకను కన్నా నెమ్మదిస్తే ఫోటో పనికిరాదని చెప్పే పెద్దలున్నారు. వాళ్లతో నాకు పేచీ. 1/2000లో చుక్కలన్నీ గాల్లో గడ్డకట్టి నిలబడతాయి, బాగానే ఉంటుంది. కానీ 1/250లో తల కదలకుండా దొరికి, రెక్కలు మాత్రం చెదిరి, నీళ్లు దారాలుగా సాగితేనే కదా అది స్నానం చేస్తున్నట్టు తెలిసేది! పది ఫోటోలు పాడైతే ఒకటి వస్తుంది, రానివ్వండి.

స్నానం అయ్యాక కెమెరా దింపేసేవాళ్లు ఎక్కువ. పిట్ట మళ్లీ కొమ్మెక్కి ఒళ్లు విదిలిస్తుంది, ఆ తర్వాత తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసుకుని ఈకలకు పూసుకుంటూ చాలాసేపు కూర్చుంటుంది. దగ్గరి ఫోటోలకు అంతకన్నా మంచి సమయం లేదు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు తలుపు ధడాలున తీస్తారు. "మనుషుల ఫోటోలు తీయమంటే తీరికుండదు" అని దెప్పిపొడుపు ఒకటి అదనం.

తడిసిన పిట్ట సరిగ్గా ఎగరలేదు, ఇది గుర్తుంచుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ బాగుంటుందని తొట్టిని నడి బయల్లో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డేగ వస్తే అది ఎక్కడికి పోవాలి? పొద 2, 3 మీటర్ల దూరంలో ఉండాలి. మరీ ఆనుకుని ఉంటే అందులోనే పిల్లి నక్కుతుంది. నీళ్లు 2 అంగుళాల లోతు దాటకూడదు, మధ్యలో ఒక గరుకు రాయి వేయండి. నీళ్లు రోజూ మార్చాలి, తొట్టిని బ్రష్‌తో రుద్దాలి. కాకి ఎక్కడిదో ఎముక తెచ్చి అందులో నానబెట్టిపోతుంది, దాన్నీ మనమే ఏరిపారెయ్యాలి. తేనెపిట్ట మాత్రం తొట్టి వైపు రావడం తక్కువ. దానికి తడిసిన ఆకుల మీద దొర్లడం ఇష్టం, పక్క మొక్క మీద నాలుగు నీళ్లు చల్లి చూడండి.

ఇక లెన్సంటారా. మీది చిన్న సెన్సర్ కెమెరా, అంటే ఏపీఎస్-సీ అయితే, 300 ఎంఎంతో 3 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 23 సెంటీమీటర్ల చిల్లర. పిగిలిపిట్ట పొడవు 20. ఇంకా పెద్ద లెన్సు పెడితే తోక తెగిపోతుంది. కొన్ని పెద్ద లెన్సులకైతే అంత దగ్గర ఫోకసే కుదరదు, కిటికీ వదిలి గదిలోపలికి జరిగి గోడకు ఆనుకుని తీయాల్సి వస్తుంది.