రక్తం రాలేదని ఆగొద్దు, ఈ రోజే తీసుకెళ్లండి

మీ అత్తమ్మకు డెబ్బై ఏళ్లని, నిన్న సాయంత్రం బాత్‌రూమ్ ముందు తడి బండ మీద జారిపడి తల వెనక బొప్పి కట్టిందని, రక్తం రాలేదు కదా రెండు రోజులు చూద్దామా అని అడిగారు. గుండెకు మాత్రలు వాడుతుందని చివర్లో రాశారు. నన్ను భయపెట్టింది ఆ చివరి మాటే, గుండె మాత్రల్లో రక్తం పలచబడేవి ఉండొచ్చు. ఆగొద్దు, ఈ రోజే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మాది డోన్ దగ్గర పల్లె. నాలుగేళ్ల కింద మా నాయన మిద్దె మెట్ల మీద జారి గోడకు తల కొట్టుకున్నాడు. తనే లేచి పంచె దులుపుకుని, "ఏం కాలేదులే" అన్నాడు. దగ్గర్లో చూపిస్తే టీటీ ఇంజెక్షన్ వేసి, నొప్పి మాత్రలిచ్చి పంపారు. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడని మేం చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

మూడు వారాలు మామూలుగానే ఉన్నాడు. తర్వాత పొద్దున లేస్తూనే తలనొప్పి అనేవాడు, ఎండలకేమో అనుకున్నాం. పగలంతా నిద్రపోయేవాడు, వయసు అనుకున్నాం. ఒకరోజు ఎడమకాలి చెప్పు నడవలోనే ఊడిపోయింది. ఆ సంగతే తెలియకుండా ఒక్క చెప్పుతో వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నడిపించి చూస్తే ఆ కాలు ఈడుస్తున్నాడు.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. స్కాన్‌లో తల కుడివైపు రక్తం చేరి మెదడును నొక్కుతోందని తేలింది. పుర్రెకు చిన్న రంధ్రాలు పెట్టి తీసేశారు. ఇప్పుడు చేనికి వెళ్లి వస్తున్నాడు. వయసు మీద పడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోయి, దాని పైనున్న సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయట. చిన్న దెబ్బకే అవి తెగి, వారాల తరబడి నెమ్మదిగా రక్తం ఊరుతుంది. రక్తం పలచబడే మాత్రల వల్ల అది తొందరగా ఆగదు. పైన బొప్పి ఎంతుందో చూసి లోపలి సంగతి చెప్పలేమనేది అందుకే.

బండి మీద నుంచి పడిన కుర్రవాళ్లదీ ఇలాంటి ప్రమాదమే, కాకపోతే గంటల్లో జరుగుతుంది. లేచి చక్కగా మాట్లాడినవాడే కాసేపటికి స్పృహ తప్పొచ్చు.

బయల్దేరేలోపు ఒకటికి రెండుసార్లు వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, లేపితే సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారినా ఆటో కోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వొద్దు, అవి రక్తస్రావాన్ని పెంచొచ్చు. గుండె మాత్రలు ఆపాలా వద్దా అన్నది మీరు తేల్చకండి, డాక్టర్‌నే అడగండి.

ఆమె వాడే మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఎన్ని గంటలకు పడిందో, పడ్డాక కాసేపైనా స్పృహ తప్పిందో అడగకముందే చెప్పండి. స్కాన్ బాగుందన్నా రెండు నెలల దాకా ఆమె నడకను, మాటను, అన్నం కలిపే చేతిని గమనిస్తూ ఉండండి. ఏ కొంచెం తేడా కనిపించినా మళ్లీ స్కాన్ తీయమని అడగండి.