సందేహాలు – సమాధానాలు: మినిట్స్‌లో ‘మనం’ ఎవరం?

సందేహం: గురువుగారికి నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో పనిచేస్తున్నాను. పారిశుద్ధ్య కార్మికుల సంఘాలతో చర్చలుంటే యాజమాన్యం తరఫున నన్నే కూర్చోబెడతారు. మొన్న చర్చల్లో ‘ఇంత భారం మనం మోయలేం అమ్మా’ అన్నాను. ఒకావిడ లేచి ‘మనం అంటే ఎవురు సార్? బండి తోసేది మేం గదా’ అంది. అందరూ నవ్వారు. నేను ‘మేము’ అనాల్సిందా? మినిట్స్‌లో (చర్చల్లో అనుకున్నవి రాసే కాగితంలో) మా క్లర్కు ‘హెల్త్ అలవెన్స్ కోర్కెను సానుకూలంగా పరిశీలించబడును’ అని రాస్తే సంఘంవాళ్లు సంతకం చెయ్యలేదు. ఆ వాక్యంలో తప్పేమిటి? వాళ్లేమో ‘సమ్మె వాయిదా’ అని రాయమంటారు, మా పైవాళ్లు ‘సమ్మె విరమణ’ అని రాయమంటారు. ఏది సరి? చివరగా, పేపర్లో నన్ను ‘మధ్యవర్తి’ అని రాశారు. అది నాకు నచ్చలేదు, కారణం చెప్పలేకపోతున్నాను.

సమాధానం: ముందు ఆవిడకు నా నమస్కారం చెప్పండి. వ్యాకరణం చదువుకున్నవాళ్లు కూడా విని ఊరుకునేదాన్ని ఆవిడ ఒక్క ప్రశ్నతో పట్టుకుంది.

మాట్లాడేవాడు ఎదుటివాళ్లను కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. ఈ తేడా ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు. తమిళులకు నామ్, నాంగళ్ అని ఉంది. కన్నడం పోగొట్టుకుంది. మూలద్రావిడ భాషలోనే ఇది ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ శాస్త్రంలో పెద్ద పేరైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మా ఒంగోల్లోనే 1928లో పుట్టారు. ఈ సంగతి మీ సందేహానికి అక్కర్లేదు, ఊరి మీద అభిమానంతో చెప్పుకున్నాను.

నియమం ఇంత తేలికగా కనిపిస్తుంది గాని వాడుక అంత తేలిక కాదు. బస్సులో పక్కన కూర్చున్నాయన ‘మనది ఏ ఊరండీ?’ అంటాడు. ‘మీది’ అని అడగడం మొరటుగా ఉంటుందని ‘మన’ వేశాడు. బట్టలకొట్లో ‘మనకేం చూపించమంటారు?’ అంటే కొనేది మీరే, ఆయన కాదు. కాబట్టి ‘మనం’ అప్పుడప్పుడు మర్యాదకు ‘మీరు’ అవుతుంది. అధికారి నోట అది మరీ తిరుగుతుంది. ‘మనం మోయలేం’ అన్నప్పుడు దాని అర్థం ‘మేము’. ‘రేపట్నుంచి మనం డ్యూటీలోకి వచ్చేద్దాం’ అన్నప్పుడు ‘మీరు’. తెల్లవారుజామున మస్టరు వేయించుకుని చీపురు పట్టేది అధికారి కాదు గదా. ‘ఎండలు ముదురుతున్నాయి, పనివేళలు ఎట్టా మార్చాలో మనం కూర్చుని మాట్లాడుకుందాం’ అన్నప్పుడు మాత్రమే అది నిజంగా ‘మనం’. ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలిస్తుంటే వినేవాళ్లు ఒకచోట ఆపి అడుగుతారు. ఆవిడ అడిగింది.

మరి ‘మేము మోయలేం’ అనాల్సిందా అంటే, అదీ అతికినట్టు ఉండదు. మీరు సొంత డబ్బు ఇవ్వడం లేదు. ‘మున్సిపాలిటీ మోయలేదు’ అనండి. ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమైతే ‘ప్రభుత్వం ఇంకా ఒప్పుకోలేదు’ అనండి. డబ్బు దగ్గర, నిర్ణయం దగ్గర సర్వనామం కంటే పేరు మేలు.

ఒకటి గమనించండి. మీరు ఉద్యోగిగా ఉన్నచోట ‘మనం’ సరిగ్గా పడుతుంది. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (వేతన సవరణ) మీద ‘చలో విజయవాడ’ జరిగినప్పుడు మీ ఆఫీసులోనూ ‘మనకు జీతాలు తగ్గుతున్నాయి’ అనుకునే ఉంటారు. ఆ రోజు బల్లకు అవతల మంత్రుల కమిటీ ఉంది, ఇవతల మీరున్నారు. ఇప్పుడు మీరు అటు మారి కూర్చున్నారు, నోటికి మాత్రం ఆ అలవాటు పోలేదు.

సర్వనామం కన్నా ఏమార్చేది క్రియ. ‘చూస్తాం’, ‘చూద్దాం’ మధ్య తేడా చూడండి. ‘చూస్తాం’ అంటే చూసే పని చెప్పినవాడి నెత్తిన పడుతుంది, రేపు ‘చూశారా?’ అని అడగొచ్చు. ‘-దాం’ ఎప్పుడూ ‘మనం’తోనే వస్తుంది, ‘మేము చేద్దాం’ అని తెలుగువాడెవడూ అనడు. కాబట్టి ‘చూద్దాం’ అంటే అందరం కలిసి చూడాల్సింది, అంటే ఫలానా మనిషి చూడాలని ఏమీ లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ‘చేద్దాం లేమ్మా’ ఎంత మెత్తగా వినిపిస్తుందో, అంత బరువు లేనిది. చర్చల్లో ఇవ్వగలిగింది ఉంటే ‘-స్తాం’ వాడండి, లేకపోతే ‘కుదరదు’ అనండి. ‘-దాం’ను టీ తాగే వేళకు దాచిపెట్టుకోండి.

ఇక క్లర్కు రాసిన వాక్యం. ‘కోర్కెను పరిశీలించబడును’లో వ్యాకరణ దోషం స్పష్టంగా ఉంది. కర్మణి ప్రయోగంలో కర్మ ప్రథమా విభక్తిలో ఉండాలి: ‘కోర్కె పరిశీలింపబడును’. ‘ను’ పెడితే కర్తరి వాక్యం మొండెం మీద కర్మణి తల పెట్టినట్టు అవుతుంది. పాత పద్ధతిలో ‘పరిశీలింపబడు’. ఇప్పుడు ‘పరిశీలించబడు’ అని విరివిగా రాస్తున్నారు, దాని మీద నాకు పట్టింపు లేదు. ‘ను’ మాత్రం పోవాలి.

అయితే సంఘంవాళ్లు ‘ను’ కోసం సంతకం మానలేదు. ఆ వాక్యంలో చేసేవాడు లేడు. ట్రంకురోడ్డులో ‘ఇచ్చట పాత ఇనుము కొనబడును’ అని బోర్డు ఉంటుంది. అదీ కర్మణి ప్రయోగమే, తెలుగు నోటికి ఎబ్బెట్టుగానే ఉంటుంది, కాని అర్థానికి లోటు లేదు. కొనేవాడు బోర్డు కిందే కూర్చుని ఉంటాడు. మినిట్స్ కింద అట్లా ఎవరూ కూర్చుని ఉండరు. అధికారికి బదిలీ అయితే ఆ ‘బడును’ను ఎవరి దగ్గరికి పట్టుకెళ్లాలి?

దాంట్లో ఇంకో మాట ‘సానుకూలంగా’. మీరు ఉద్దేశించింది ఫలితం సానుకూలంగా ఉంటుందని. వాక్యంలో అది విశేషించేది పరిశీలనను. సానుకూలంగా పరిశీలించి, ప్రతికూలంగా నిర్ణయించి, మాట తప్పలేదని చెప్పొచ్చు. ఏలుబడి తెలుగులో హామీలకు ఇట్లాంటి మెట్లు చాలా ఉన్నాయి. ‘పైవాళ్ల దృష్టికి తీసుకెళ్తాం’ అంటే కబురు మోయడం. ‘పరిశీలిస్తాం’ అంటే ఫైలు తెరుస్తాం, అంతే. ‘సిఫార్సు చేస్తాం’ దగ్గర మొదటిసారి నిజమైన పని కనిపిస్తుంది. ‘సూత్రప్రాయంగా అంగీకరించాం’ అంటే సంగతి ఒప్పుకున్నాం, ఎంతో ఎప్పుడో ఒప్పుకోలేదని. ఆ పైన ‘అంగీకరించాం’. దాని పైన ‘ఉత్తర్వులు ఇస్తాం’. జీవో చేతికొచ్చిందాకా నమ్మబోమని కార్మికులు అనేది ఈ మెట్లు ఎక్కీ దిగీ అలిసిపోయే. పేపర్లు మాత్రం వీటన్నిటికీ కలిపి ‘సానుకూలంగా స్పందించారు’ అని ఒకే శీర్షిక పెడతాయి.

మీ ఇబ్బంది నాకు తెలుసు. ఒప్పుకునే అధికారం మీకు లేదు. అలవెన్స్ పెంచాలంటే కమిషనర్ నుంచి ప్రతిపాదన సీడీఎంఏకు (రాష్ట్ర పురపాలక పరిపాలన డైరెక్టర్‌కు), అక్కణ్ణుంచి పురపాలక శాఖకు, ఆర్థిక శాఖకు పోవాలి. అందుకే మీ క్లర్కు ‘బడును’ చాటున దాక్కున్నాడు. భారతంలో ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి ఇట్లాగే పంపాడు. యుద్ధం వద్దని చెప్పమన్నాడు, ఇచ్చేదేమిటో చెప్పలేదు. నెల్లూరి తిక్కన ఉద్యోగపర్వం చదివినవాళ్లకు సంజయుడి మీద కోపం రాదు, పంపినవాడి మీద వస్తుంది. కాని సంజయుడు అక్కడ లేని అధికారం ఉన్నట్టు మాట్లాడలేదు. మినిట్స్‌లోనూ ఆ నిజాయితీ కుదురుతుంది. ఇట్లా రాయించండి:

‘హెల్త్ అలవెన్స్ పెంపు ప్రభుత్వ నిర్ణయానికి లోబడి ఉంటుంది. మున్సిపల్ కమిషనర్ 15 రోజుల్లోగా ప్రతిపాదన పంపి, ఆ లేఖ ప్రతిని సంఘానికి ఇస్తారు.’

కర్త ఉన్నాడు, గడువు ఉంది, మీ చేతిలో లేనిది లేదని ఉంది. పదిహేనుకు బదులు మీకు వీలైన సంఖ్య వేసుకోండి, ‘త్వరలో’ మాత్రం వేయకండి. సంఘంవాళ్లు దీనికి సంతకం చేస్తారని నేను హామీ ఇవ్వలేను, గాని ఎందుకు చెయ్యలేదో మాత్రం అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ పట్టుదల అంతా ఎందుకంటే, ఒప్పందంలో మాటకు చట్టం బరువిచ్చింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద యాజమాన్యమూ సంఘమూ తమలో తాము రాసుకున్న ఒప్పందం ఆ ఇద్దరినే కట్టేసేది. లేబర్ ఆఫీసరు సమక్షంలో ఆ చట్టం 12(3) సెక్షన్ కింద కుదిరితే ఆ సంస్థలో పనిచేసే కార్మికులందరికీ వర్తించేది, ఆ రోజు గదిలో లేనివాళ్లకూ, తర్వాత పనిలో చేరేవాళ్లకూ. అందుకే యూనియన్‌వాళ్లు ‘ట్వెల్వ్ త్రీ’ కోసం అంత పట్టుబట్టేవాళ్లు. అంతమందిని కట్టేసే కాగితంలో చేసేవాడి పేరు లేకపోతే ఎట్లా?

మూడోది, వాయిదా, విరమణ. ఇక్కడ మీరిద్దరూ కొంత కొంత తప్పే. విరమించాలంటే ముందు మొదలై ఉండాలి. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచిన అంగన్‌వాడీల సమ్మెను విరమించారంటే సరి. మధ్యలో 2024 జనవరిలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించినా అది ఆగలేదు. నోటీసు మాత్రమే ఇచ్చి, చర్చల తర్వాత సమ్మెకు దిగకపోతే అక్కడ విరమణ లేదు. అప్పుడు ‘సమ్మె నోటీసు ఉపసంహరించుకున్నారు’ అనాలి, లేదా ‘సమ్మె ఆలోచన మానుకున్నారు’. నోటీసును ఉపసంహరిస్తాం, సమ్మెను విరమిస్తాం. పత్రికలు ఈ రెంటినీ కలిపేశాయి. సంస్కృతం పట్టింపు ఉన్నవాళ్లు ‘సమ్మె నుంచి విరమించారు’ అనాలంటారు. ‘సమ్మె విరమించారు’ తెలుగులో స్థిరపడి చాలాకాలమైంది, దాన్ని కదపక్కర్లేదు.

‘వాయిదా’ అంటే తేదీ మారిందని. కోర్టు వాయిదాకు తేదీ ఉంటుంది, చీటీ వాయిదాకు తేదీ ఉంటుంది. తేదీ లేని వాయిదా భాషలో కుంటిదే. సంఘంవాళ్ల లెక్క వేరు: అవసరమైతే మళ్లీ దిగుతామని గుర్తుచేయడానికే ఆ మాట. అందులో తప్పు పట్టలేను. కాని నోటీసుకూ ఒక ఆయుష్షు ఉంది. ప్రజావసర సేవల్లో (పారిశుద్ధ్యం అందులోదే) పాత 1947 చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి 14 రోజులు గడిచాకే సమ్మె చేయాల్సి ఉండేది, ఆరు వారాలు దాటితే ఆ నోటీసు పనికిరాకపోయేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ ఆరు వారాలను 60 రోజులు చేసింది, నియమాన్ని మిగతా సంస్థలకూ చాచింది. సగం మంది కార్మికులు కూడబలుక్కుని ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెట్టినా అది సమ్మే అంటుంది. కాబట్టి గడువు దాటాక ‘వాయిదా పడ్డ సమ్మె’ అనేది మాటగా మిగులుతుంది గాని, దిగాలంటే కొత్త నోటీసు ఇవ్వాల్సిందే. ఇద్దరికీ ఒప్పుదలయ్యే వాక్యం కావాలంటే: ‘ఫలానా తేదీ నుంచి చేయదలచిన సమ్మెకు ప్రస్తుతం దిగబోమని సంఘం తెలిపింది.’ కాస్త పొడుగే. కాని ఎవరి పరువూ పోదు.

కోర్కెలా, డిమాండ్లా అని మీరు అడగలేదు గాని చెబుతాను. సంఘం ఇచ్చిన కాగితంలో ‘డిమాండ్లు’ అని ఉంటే మినిట్స్‌లో ‘డిమాండ్లు’ అనే రాయండి. దాన్ని ‘వినతులు’గా దించితే చదివేవాళ్లకు అక్కడే ఒళ్లు మండుతుంది.

‘మధ్యవర్తి’ మీకు ఎందుకు నచ్చలేదో చెబుతాను. మధ్యవర్తికి పక్షం ఉండదు. ఆ పని లేబర్ ఆఫీసరుది. మీరు ఒక పక్షం మనిషి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ‘యాజమాన్య ప్రతినిధి’ చాలు. ‘సంధానకర్త’ అని ఈమధ్య రాస్తున్నారు. అది కూడా అటూ ఇటూ కలిపేవాడనే అర్థమిస్తుంది కాబట్టి మీకు పొసగదు.

మీరు జతపరిచిన మినిట్స్ నకలులో రెండు అక్షరదోషాలు చూశాను. ‘యజమాన్యం’ కాదు, ‘యాజమాన్యం’. యజమాని హ్రస్వం, యాజమాన్యం దీర్ఘం. ‘పారిశుధ్యం’ కాదు, ‘పారిశుద్ధ్యం’. పరిశుద్ధ శబ్దం నుంచి వచ్చింది గనుక ‘ద్ధ’కే యవత్తు ఇవ్వాలి. కొత్త కాగితం టైపు చేయించేటప్పుడు ఎట్లాగూ మొదటి పేజీ మారుస్తారు, వీటినీ దిద్దించండి.