గబ్బిలాల రక్తం మీద చదువుతానంటోంది మా అమ్మాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. రెండేళ్లు లాంగ్ టర్మ్‌కి పంపినా నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు యూరప్‌లో వలసపోయే గబ్బిలాల రక్తం మీద పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలు నవ్వుతున్నారు. బీటెక్ బయోటెక్నాలజీలో మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కట్టమంటున్నారు. బీఎస్సీ జువాలజీ మంచిదా, బయోటెక్ మంచిదా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, మీరు రెండు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ టెన్షన్ వాటి గురించి కాదు. డాక్టర్ కావాల్సిన పిల్ల గబ్బిలాలు పట్టుకుంటానంటే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ బెంగ. ఏటా ఫలితాలు వచ్చాక ఇదే బెంగతో నా దగ్గరికి ఎందరో తల్లిదండ్రులు వస్తారు.

ముందు ఆమె అడుగుతున్నదేమిటో చూడండి. లాట్వియాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున పాపె అనే ఊరుంది. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ఆ తీరం వెంబడి నథూసియస్ పిపిస్ట్రెల్ అనే గబ్బిలాలు నైరుతి దిక్కుగా వలసపోతాయి. ఒక్కోటి మన పది రూపాయల బిళ్లంత బరువు. లాట్వియాలో రింగు తొడిగిన ఒక గబ్బిలం 2,200 కిలోమీటర్లు దాటి స్పెయిన్‌లో దొరికింది. అంత చిన్న ప్రాణికి అంత శక్తి ఎక్కడిది? అవి వదిలే ఊపిరిలోని కార్బన్‌ను పరీక్షించి, ఒంట్లో దాచుకున్న కొవ్వుతో పాటు దారిలో తిన్న పురుగులనూ అప్పటికప్పుడు ఖర్చు చేస్తాయని 2012లో శాస్త్రవేత్తలు చెప్పారు.

ఇక రక్తం. తోక దగ్గరి పొరలో సిరను సన్నని సూదితో గుచ్చి, పైకి ఉబికిన చుక్కను గాజు గొట్టంలోకి తీస్తారు. సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిరిగే యంత్రంలో తిప్పి, ప్లాస్మా అంటే రక్తంలోని పసుపు ద్రవాన్ని వేరుచేస్తారు. అందులో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువుంటే గబ్బిలం బాగా తిని కొవ్వు పట్టిస్తోందని, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే కీటోన్ పెరిగితే కడుపు ఖాళీగా ఉందని అర్థం. మీ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఉండేవీ ఆ ట్రైగ్లిజరైడ్లే. అమ్మాయి చదువుతానంటున్నది అచ్చమైన బయోకెమిస్ట్రీ. జబ్బుల భయం ఉంటే, గబ్బిలాలను పట్టుకునేవాళ్లు ముందే రేబిస్ టీకా వేయించుకుంటారు, గ్లవ్స్ లేనిదే ముట్టుకోరు.

బీటెక్ బయోటెక్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పేరులో టెక్నాలజీ ఉందని లక్షలు పోస్తున్నారు. నాలుగేళ్లు చదివినా ల్యాబులో ద్రవాలు కొలిచే పైపెట్ సరిగ్గా పట్టడం రాక, చివరికి కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరిన పిల్లల్ని ఎంతమందిని చూశానో! మంచి ల్యాబులున్న కాలేజీలో మెరిట్ సీటొస్తే అది వేరే సంగతి. డిగ్రీ అవగానే అప్పు చేసి జర్మనీ పంపడం ఇంకో మోజు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లోనే (నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతా) దాదాపు 12 వేల యూరోలు చూపించాలి. ఎమ్మెస్సీ ఇక్కడే చేసి పీహెచ్‌డీకి వెళితే, అక్కడ చాలాచోట్ల జీతమిచ్చి చేర్చుకుంటారు.

ఒక మాట కటువుగానే అంటాను. ఉత్తరంలో సీటు గురించి రాశారు, చుట్టాల నవ్వుల గురించి రాశారు. రెండేళ్లు హాస్టల్ గదిలో ఆ పిల్ల ఎలా గడిపిందో ఒక్క ముక్క రాయలేదు. అంత అలసిపోయాక కూడా ఒక విషయం మీద ఇష్టంగా మాట్లాడుతోందంటే, అది మీరు సంతోషించాల్సిన సంగతి కాదా?

జువాలజీ, కెమిస్ట్రీ రెండూ గట్టిగా చెప్పే కాలేజీలో బీఎస్సీ చేర్పించండి. సైన్స్ చదువులకు, పరిశోధనకు పెట్టిన కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్‌లో సీటొస్తే ఇంకా మంచిది. తర్వాత బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణుల ఎమ్మెస్సీ ఉంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జీవులను కాపాడే పరిశోధనలు చేసే ల్యాబు అది. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు ఇస్తారు. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ఆమె వయసు ముప్పై దాటవచ్చు, దానికి ఇప్పుడే సిద్ధపడండి. మధ్యలో మనసు మారినా బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసుకోవచ్చు, డయాగ్నస్టిక్ రంగం వైపూ వెళ్లొచ్చు. దారులేమీ మూసుకుపోవు.

అడ్వాన్స్ కట్టే ముందు ఒక పని చేయండి. మీ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు ఆమె చేతికిచ్చి, అందులో ఏముందో చెప్పమని అడగండి. మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వినండి.