బెంచ్ మీద కూర్చోవడం మీ ఆయనకు కొత్తా?

ప్రశ్న: మాది గుంటూరు. పాతికేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 22 ఏళ్లు. కాలేజీ టీమ్‌లో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాడు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేతికొచ్చింది, ఆగస్టులో ఉద్యోగంలో చేరాలి. ఇప్పుడేమో జర్మనీలో ఒక చిన్న క్లబ్బు పిలిచిందని, ఒక సీజన్ ఆడొస్తానని పట్టుబట్టాడు. "ఎన్‌బీఏ కాదు, పాడూ కాదు, ఆ ఊరి పేరైనా ఎవరికీ తెలీదు" అని మా ఆయన మండిపడ్డారు. మూడు వారాలుగా వాడితో మాటల్లేవు. ఆయన 1999లో కన్సల్టెన్సీ ద్వారా వచ్చి, ప్రాజెక్టు దొరక్క నాలుగు నెలలు బెంచ్ మీద కూర్చుని, ఎంతో కష్టపడి పైకొచ్చిన మనిషి. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, బెంచ్ సంగతి మీరు ఆయన కష్టం చెప్పడానికి రాశారు. నాకు మాత్రం, మీ అబ్బాయి కాంట్రాక్టుని మీ ఇంట్లో అందరికన్నా బాగా చదవగలిగేది ఆయనే అనిపించింది. రెండు సూట్‌కేసులతో దిగడం, పేరు తెలియని ఊరు, ఎప్పుడు పొమ్మంటారో తెలియని పని, వీసా ఒకరి చేతిలో. ఇవన్నీ దాటొచ్చిన మనిషాయన. అందుకే అంత కోపమేమో కూడా. తను పడ్డది కొడుకు పడకూడదనే కదా ఇదంతా చేసింది.

ఇక "ఎన్‌బీఏ కాదు" అన్న మాట. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ అది. అక్కడున్నవి 30 జట్లు. సీజన్‌లో జట్టుకి పూర్తి కాంట్రాక్టులు 15కి మించవు. 2015లో మీ డాలస్ జట్టే, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 52వ స్థానంలో తీసుకున్న పంజాబీ కుర్రాడు సత్నాం సింగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే ఏడాది భారత సంతతి నుంచి మొదటిసారి ఎన్‌బీఏ కోర్టులో దిగిన సిమ్ భుల్లర్, ఏడడుగుల అయిదంగుళాల మనిషి, మూడే మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత తైవాన్ వెళ్లి ఆడుకున్నాడు. అమెరికా కాలేజీల్లో ఆడి, ఆ ఆటతోనే బతుకుదామనుకునే కుర్రాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ఇలా యూరప్‌కో, ఆసియాకో. మీవాడు దారి తప్పలేదు, అందరూ వెళ్లే దారినే వెళ్తానంటున్నాడు.

అలాగని అది పూలపాన్పు అని చెప్పను. చిన్న డివిజన్‌లో జీతం ఆగస్టు ఉద్యోగం ముందు చిల్లర కిందే లెక్క. ఇల్లు సాధారణంగా క్లబ్బే ఇస్తుంది. పొద్దునొక ప్రాక్టీసు, సాయంత్రమొకటి, మధ్యలో ఖాళీ గది. వాడికి రాత్రి తొమ్మిదైతే మీకు మధ్యాహ్నం రెండు, మీరు ఆఫీసులో ఉంటారు. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే క్లబ్బు ముందు చూసేది అమెరికా నుంచి తెచ్చుకున్న ఆటగాడి వైపే. మోకాలు తిరగబడితే సంగతి వేరే చెప్పాలా.

కాబట్టి వాడి చేత కాంట్రాక్టు ప్రింట్ తీయించి, సాయంత్రం టీ వేళకి మీ ఆయన ముందు వాడినే పెట్టమనండి. "నాన్నా, వెళ్లనా" అని అడగొద్దు. "నాన్నా, ఇందులో నాకు తెలియనివి ఏమున్నాయో చూడు" అనమనండి. కన్సల్టెన్సీ కాగితాలు చదివిన కళ్లు ఊరుకోవు. జీతం పన్ను పోనా, పోకముందా? మొదటి కొన్ని వారాలు ట్రయల్ అని రాశారా? గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, జీతం ఆగుతుందా? మధ్యలో తీసేస్తే మిగతా నెలల సంగతి? తిరుగు టికెట్? ఏజెంటుకి ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా లైసెన్సు ఉందా? డబ్బు ఎగ్గొడితే తేల్చడానికి 2007 నుంచి ఫిబా ఏర్పాటు చేసిన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ ఒకటుంది, కానీ కాంట్రాక్టులో ఆ క్లాజు రాసుకుంటేనే అది పనికొస్తుంది. చాలామంది కుర్రాళ్లు ఆ పేజీ చదవరు. ఇవన్నీ చూశాక ఆయన "వద్దు" అన్నా పర్వాలేదు. అప్పుడది పరువు గొడవ కాదు, లెక్క. లెక్కకి వాడు జవాబు చెప్పగలడు.

మీరు మానేయాల్సిన పని ఒకటుంది. "నీ కొడుక్కి చెప్పు" అని ఆయన, "నాన్నకి చెప్పమ్మా" అని వాడు అంటుంటే మీరు ఇద్దరి మధ్యా పోస్ట్‌మ్యాన్ పని చేస్తున్నట్టున్నారు. ఈ వారం నుంచి ఆ టపా బంద్. అన్నానికి పిలవడం కూడా ఆయన్నే పిలవమనండి. రెండు రోజులు ఇల్లు ఇంకా బిగుసుకుంటుంది, టెన్షన్ పడకండి. తెలుగు సంఘం పార్టీలో ఎవరైనా అడిగితే "జర్మనీలో ఒక ఏడాది కాంట్రాక్టు" అనండి. అబద్ధమేమీ కాదుగా.

ఆగస్టు ఉద్యోగం ఇప్పుడే వదులుకోవద్దు. చేరే తేదీ వచ్చే వేసవికి జరపగలరా అని ఆ కంపెనీని అడగాలి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు కాదంటారు. ఏ మాటైనా క్లబ్బు కాగితం మీద సంతకం పెట్టకముందే తెలియాలి. ఆ మెయిల్ మాత్రం మీరు రాసిపెట్టకండి. వాడినే రాయమనండి.