షీటు వేస్తే సగం నీళ్లు చాలా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎర్రనేల, డ్రిప్ ఉంది. బోరు నీళ్లకు 200 లీటర్ల డ్రమ్ము 3 నిమిషాల్లో నిండుతుంది. ఈ రబీలో రెండెకరాల్లో మొక్కజొన్న వేద్దామనుకుంటున్నాను. నేల మీద పరిచే, తర్వాత మట్టిలో కలిసిపోయే మల్చింగ్ షీటు వేస్తే సగం నీళ్లు చాలని షాపులో చెప్తున్నారు. పోయినేడు కూడా కరిగిపోతుందనే ఒక షీటు అమ్మారు, దాని ముక్కలు ఇప్పటికీ గుంటకకు చుట్టుకుంటున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: సగం చాలన్న మాట నమ్మి రెండెకరాలు వేయకండి. షీటు ఆపేది నేల మీద నుంచి ఆవిరయ్యే తడిని మాత్రమే. మొదటి 35, 40 రోజులు మొక్క చిన్నది, సాళ్ల మధ్య నేలంతా ఎండకు కాలుతుంటుంది కాబట్టి అప్పుడు షీటు మేలు బాగా కనిపిస్తుంది, నల్ల షీటైతే కలుపు ఖర్చూ తగ్గుతుంది. ఆకులు కమ్ముకున్నాక నీళ్లు పోయేది ఎక్కువగా ఆకుల గుండానే. దాన్ని ఏ షీటూ ఆపలేదు, సరిగ్గా అప్పుడే పూత మొదలవుతుంది.

మోకాలెత్తు దాకా తడి కాస్త తగ్గినా పైరు కోలుకుంటుంది. పూతకు రెండు వారాల ముందు నుంచి గింజ పాలు పోసుకునేదాకా మాత్రం ఒక్క తడి కూడా తప్పకూడదు. ఆ రోజుల్లో నీళ్లు చాలకపోతే పీచు ఆలస్యంగా బయటికొస్తుంది, అప్పటికే పుప్పొడి రాలిపోయి ఉంటుంది, చూడ్డానికి కంకి ఉంటుంది కానీ ఒలిస్తే సగం గింజలుండవు.

అందుకే ఎన్ని ఎకరాలు వేయాలన్నది పూతనాటి నీళ్లను బట్టి తేల్చుకోండి. ఎకరాకు 1 మి.మీ. తడి అంటే సుమారు 4,000 లీటర్లు. పూతలో పైరుకు రోజుకు 5 మి.మీ. దాకా కావాలి, అంటే ఎకరాకు 20,000. మీ బోరు గంటకు 4,000 లీటర్లు పోస్తోంది, కరెంటు 9 గంటలూ ఉన్నా వచ్చేది 36,000. రెండెకరాలకు 40,000 కావాలి. అదీ బోరు ఇప్పుడున్నట్టే ఉంటేనే, అనంతపురం జిల్లాలో సంక్రాంతి దాటాక బోర్లు ఎలా తగ్గుతాయో మీకు నేను చెప్పాలా! ఎకరంన్నర వేయండి. మిగతా అరెకరంలో పదును ఉంటే ఉలవలు చల్లుకోండి.

ఇక షీటు సంగతి. పోయినేడు మీరు కొన్నది బహుశా త్వరగా విరిగిపోయేలా మందు కలిపిన మామూలు పాలిథిన్ అయ్యుంటుంది. అది ఎండకు పెళుసై ముక్కలవుతుంది, ఆ ముక్కలు మాత్రం మట్టిలోనే ఉండిపోతాయి. నిజంగా మట్టిలో కలిసేవాటిని పీబీఏటీ, పీఎల్ఏ అనే కరిగే రకం ప్లాస్టిక్కులు, పిండిపదార్థం లాంటి వాటితో చేస్తారు, వాటిని సూక్ష్మజీవులు తింటాయి. బిల్లు కట్టేముందు ఈఎన్ 17033 అనే యూరప్ ప్రమాణం ఉందా అని అడగండి. మట్టిలో రెండేళ్లలోపు షీటులోని కార్బన్ కనీసం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని ఆ ప్రమాణం చెప్తుంది. కంపోస్టు అవుతుందని రాసి ఉన్నంత మాత్రాన చాలదు, కంపోస్టు కుప్పలో ఉండే వేడి మన చేలో ఉండదు.

ఇలా నిజంగా కలిసిపోయే షీటు ధర మామూలు షీటు కంటే బాగా ఎక్కువ, మొక్కజొన్నకు అంత పెట్టడం గిట్టుతుందో లేదో మీ చేలోనే తేలాలి. ముందు 10 సెంట్లలో వేసి చూడండి. పలుచగా ఉంటుంది, లాగి బిగిస్తే చినుగుతుంది. కోత అయ్యాక నేలలో పదును ఉన్నప్పుడే కలియదున్నండి, ఎండిన మట్టిలో సూక్ష్మజీవులు పనిచేయవు. షీటు బదులు చొప్ప పరవమని చాలామంది రాస్తారు, పశువులకే మేత చాలని మన ఊళ్లలో ఆ సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: పులివెందుల దగ్గర మా టమాటా చేలో పాత షీటు ముక్కలు పోగయ్యాయి. కాల్చేయొచ్చా?

జవాబు: వద్దు, ఆ పొగ మీ పిల్లలే పీలుస్తారు. ఏరి సంచుల్లో కట్టి పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకు ఇవ్వండి. ఈసారి షీటు ఎండకు పెళుసెక్కకముందే, పంట అయిన వారంలోపే లాగేయండి. నేల కొంచెం తడిగా ఉంటే చినగకుండా వస్తుంది.